నంబరు లేని ఫోను

అల్ ఖర్జ్ దగ్గరి ఒక పాడి ఫారంలో టెలిఫోన్లు మార్చే పనికి నన్ను ఒక్కదాన్నే పంపుతున్నారని తెలిసిన రోజు, ఇంటికి వచ్చి నా భర్తతో మొదట చెప్పిన మాట, "ఈ నాలుగు రోజులూ వంట మీదే" అని. ఆయన నవ్వి సరేనన్నారు. ఆ నవ్వు వెనక ఆయనకీ కొంచెం బెదురు ఉందని నాకు తెలుసు. నాకూ ఉంది. కానీ ఆ పని ఇంకొకరికి పోనిచ్చే ఉద్దేశం మాత్రం నాకు లేదు.

ఆయన వెంట రియాద్ వచ్చేనాటికి నేను హైదరాబాద్‌లో నాలుగేళ్లు వాయిస్ ఇంజనీరుగా పనిచేసిన దాన్ని. ఇక్కడికొచ్చాక ఇఖామా అనే నివాస కార్డు మీద భర్త కింద నమోదైన మనిషిని, అంతే. ఆడవాళ్లకి ఆఫీసుల్లో ఉద్యోగాలు ఇస్తున్నారని విన్నప్పటి నుంచి దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. ఆరేళ్ల ఖాళీ చూసి చాలామంది మొహం చాటేశారు. చివరికి ఒక చిన్న కంపెనీ తీసుకుంది. తీసుకుందన్న మాటే గానీ, ఏడాదిన్నరపాటు ఆఫీసులో కుర్చీ దిగలేదు. సైట్లకి మగవాళ్లు వెళ్లేవారు. అక్కడేదైనా ఇరుక్కుంటే ఫోన్ చేసేవారు. నేను తెర మీద చూసి పరిష్కారం చెప్పేదాన్ని. పేరు వాళ్లకి వచ్చేది. ఈసారి వెళ్లాల్సిన ఇంజనీరు సెలవు మీద ఊరికి పోయాడు. ఇంకెవరూ ఖాళీగా లేరు. అలా వచ్చింది నా వంతు.

పని ఇదీ. ఆ ఫారంలో పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉంది. దాని విడిభాగాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. దాన్ని ఆపేసి, ఫోన్లన్నిటినీ రియాద్‌లో ఉన్న సర్వరు ద్వారా ఇంటర్నెట్ మీద నడపాలి. ఆఫీసు గదుల్లో కొత్త ఫోన్లు అప్పటికే పెట్టేశారు. కానీ పాలు పితికే షెడ్లలో, దూడల కొట్టాల్లో, గేట్ల దగ్గర, బావుల పంపుల దగ్గర ఉన్నవి రాగి తీగ మీద నడిచే పాతరకం ఫోన్లు. తడికీ దుమ్ముకీ ఎండకీ తట్టుకుని నిలిచినవి. వాటిని మార్చరు. వాటి తీగలన్నీ తెచ్చి ఒక రౌటరు పెట్టెకి కలుపుతారు. అనలాగ్ వాయిస్ గేట్‌వే అంటాం దాన్ని. పాత ఫోనులో వచ్చే మాటని కొత్త నెట్‌వర్కుకి అందేలా మార్చేది అదే. ఒక్కో ఫోనుకీ అందులో ఒక్కో పోర్టు ఉంటుంది. ఆ పోర్టుకి నంబరేమిటి, డయల్ టోను ఎలా వినిపించాలి, గంట ఎంత బలంగా మోగాలి, నొక్కిన అంకెల్ని బట్టి కాల్ ఎటు పోవాలి, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క వరుసగా రాయాలి. రాసేది నేను. నాకిచ్చిన జాబితాలో అరవై ఎనిమిది ఫోన్లున్నాయి. పెట్టెలో డెబ్భై రెండు పోర్టులున్నాయి.

గురువారం పొద్దున నా కారు గేటు దగ్గర ఆగగానే కాపలా మనిషి నా వెనక సీటులోకి తొంగి చూసి, "ఇంజనీర్ కహాఁ హై?" అని అడిగాడు. నేనేనన్నాను. అతను జాబితాలో పేరు రెండుసార్లు చదువుకుని గేటు ఎత్తాడు.

ఎక్స్ఛేంజీ గదిలో నాకోసం ఒక పెద్దాయన ఎదురు చూస్తున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి. నూనె మరకల నీలం చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఫారంలో టెలిఫోను తీగలన్నీ చూసే టెక్నీషియన్ ఆయనే. నాతో హిందీలో మాట్లాడాడు, మర్యాదగా, ముక్తసరిగా. నేనూ హిందీలోనే జవాబిచ్చాను. పెట్టెని ర్యాకులో బిగిస్తుండగా నా భర్త ఫోన్ చేసి పప్పులో చింతపండు ఎప్పుడు వేయాలని అడిగారు. చెప్పి పెట్టేసి చూస్తే, పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

"తెలుగోళ్లా?" అన్నాడు.

"తెనాలి అండీ."

"నేను జగిత్యాల దిక్కు. పొద్దటి సంది హిందీల సతాయించుకుంటున్నం గద బిడ్డా!" అని పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత మా మధ్య హిందీ లేదు. ఆయన నన్ను బిడ్డా అన్నాడు, నేను ఆయన్ని బాబాయ్ గారూ అన్నాను.

ఇరవై ఆరేళ్లుగా అక్కడే ఉన్నాడట. ఏ తీగ ఎక్కడినుంచి వస్తుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. కాగితాలు ఉన్నాయి గానీ, వాటి మీద కొట్టివేతలే ఎక్కువ. "గిది తొమ్మిదో షెడ్డుది అని రాసున్నది గని, ఆ షెడ్డు కూలగొట్టిండ్రు. ఇప్పుడు గది దూడల డాక్టరు కాడికి పోతది" అనేవాడు. నేను నా పట్టికలో దిద్దుకునేదాన్ని. ఆ రోజంతా పెట్టెలో వరుసలు రాయడం, ఆయన చెప్పిన మార్పులు చేయడంతోనే సరిపోయింది. సాయంత్రం రియాద్‌కి కారు నడుపుకుంటూ పోర్టుల వరుసని మనసులో మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక తీగలు మార్చడం మొదలుపెట్టాం. ఆ సమయంలో ఆఫీసులు ఖాళీ, ఫోన్ల అవసరం తక్కువ. ఆయన తీగలన్నీ బిగించి ఉన్న పాత చట్రం నుంచి ఒక జత తీగ లాగి, కొత్త చట్రంలో పంచింగ్ టూలుతో కొట్టేవాడు. టక్కుమని శబ్దం రాగానే నేను పోర్టు తెరిచి, ఆ ఫోనుకి గంట కొట్టేదాన్ని. అవతల ఎవరో ఒకరు ఎత్తి "హలో" అనేవారు, ఆవుల అరుపుల మధ్య నుంచి. ఒక చోట గంట బలం చాల్లేదు, పెంచాను. ఒక చోట అవతలివాళ్లు పెట్టేసినా లైను విడవలేదు, దాని గడువు తగ్గించాను. మూడున్నర గంటల్లో అరవై ఎనిమిదీ అయ్యాయి. నా జాబితాలో చివరి గడిలో టిక్కు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాను. ఏడాదిన్నర నుంచి ఎదురు చూసిన క్షణం అది.

పెద్దాయన మాత్రం పంచింగ్ టూలు కింద పెట్టలేదు.

"ఇంకొకటున్నది బిడ్డా."

"జాబితా అయిపోయింది బాబాయ్ గారూ."

"జాబితాల ఉండది. దానికి నంబరే లేదు." ఆయన పాత చట్రంలో చివరి మూలన ఒంటరిగా మిగిలిన ఎర్ర తీగ జతని వేలితో చూపించాడు. "గా కంప్రెసర్ రూంల ఉంటది. దాంట్ల అంకెలు నొక్కే పని లేదు. ఎత్తితే చాలు, దవాఖానల మోగుతది."

ఎందుకు జాబితాలోకి రాలేదో వెంటనే అర్థమైంది. ఫారం ఆఫీసువాళ్లు జాబితాని టెలిఫోను డైరెక్టరీ చూసి తయారుచేశారు. ఎవరూ పిలవని ఫోనుకి డైరెక్టరీలో చోటు ఉండదు. పాత ఎక్స్ఛేంజీని ఆదివారం ఆపేస్తారు. ఆ నిమిషం నుంచి ఆ ఫోను గోడకి తగిలించిన ఉత్త డొక్కు.

"చాలా ముఖ్యమైనదా?" అని అడిగాను. అడిగాక అదేం ప్రశ్న అనిపించింది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పాలు సల్లపరిచేది అమ్మోనియతోని. ఆరేండ్ల కింద పైపు జాయింటు కాడ లీకైంది. ఆపరేటరు బంగ్లా ఆయన, లోపట ఒక్కడే ఉన్నడు. కండ్లు తెరవరాదు, ఊపిరి తీయరాదు. గోడ వట్టుకొని పాక్కుంట వచ్చి, ఫోను తీగ చేతికి దొరికితే గుంజిండు. రిసీవరు కింద పడ్డది. అంతే. మాట లేదు, ముచ్చట లేదు. దవాఖానల బల్ల మీది ఫోనుకు ఆ రూము పేరున ఎర్ర దీపం ఉండె. అది ఎలిగింది. మాస్కులు ఏస్కొని ఉరికిండ్రు."

"బతికాడా?"

"బతికిండు. ఒక కన్ను మసకైంది. ఇగ మల్ల రాకుండ ఖురూజ్ ముద్ర కొట్టిచ్చుకొని ఇంటికి పోయిండు. పోయే రోజు నా చెయ్యి వట్టుకొని ఏడ్సిండు. నేనేం చేసిన? తీగె గుంజి పెట్టిన, అంతే."

ఎర్ర దీపం ఉన్న ఆ పాత ఫోనుని దవాఖానా బల్ల మీద నుంచి, అంటే ఫారం క్లినిక్ నుంచి, తీసేసి, కిందటి వారమే కొత్త ఫోను పెట్టారు.

మా మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయనదీ హైదరాబాదే. మంచివాడు, కానీ కాగితం దాటి అడుగు వేయని మనిషి.

"చూడండి మేడం, కస్టమర్ ఇచ్చిన లిస్టు అరవై ఎనిమిది. సైన్-ఆఫ్ కూడా అంతే. స్కోప్‌లో లేని లైను ముట్టుకుంటే, రేపు దానికేమైనా అయితే మన నెత్తి మీదికి వస్తుంది."

"ముట్టుకోకపోతే అది ఎలాగూ చచ్చిపోతుంది సర్."

"అందరి దగ్గరా మొబైల్స్ ఉన్నాయి కదండీ. ఇప్పుడు ల్యాండ్‌లైన్ ఎవరు వాడతారు?"

"ఆ గదిలోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరట. తీసుకెళ్లినా ఆ గోడలకి సిగ్నల్ రాదట. అయినా కళ్లు కనపడనివాడు మొబైల్లో నంబరు ఎలా నొక్కుతాడు సర్?"

"వాళ్లని ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టమనండి. నెక్స్ట్ విజిట్‌లో చూద్దాం."

నెక్స్ట్ విజిట్ అన్నది ఎప్పుడో నాకు తెలుసు. ఆఫీసులో కూర్చుని ఆ మాట ఎన్నిసార్లు విన్నానో!

"సర్, నాలుగు పోర్టులు ఖాళీగా ఉన్నాయి. ఆదివారం పొద్దున సంతకాల వేళకి మీకు ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వను. దీని సంగతి మాత్రం నాకు వదిలేయండి. రాతపూర్వకంగా నా పేరు మీదే పెడతాను."

"మీ ఇష్టం మరి," అన్నాడాయన. వద్దనలేదు. నాకు అది చాలు.

కంప్రెసర్ గదికి వెళ్లాం. చెవులకి హోరు ఆపే మఫ్లు తగిలించి, మాస్కు మెడలో వేసి లోపలికి పంపారు. వేసుకున్న పొడుగాటి అబాయా అంచు పైకి చుట్టి పిన్ను పెట్టుకున్నాను. మనిషెత్తు యంత్రాలు నాలుగు హోరెత్తుతున్నాయి. పసుపు పైపులు, మందపు గోడలు, ముక్కుని గిల్లే వాసన. ఫోను తలుపు పక్కన ఉంది, మోకాలి ఎత్తులో. నేను దాని కోసం పైన వెతుకుతుంటే పెద్దాయన వంగి చూపించాడు. ఆ ప్రమాదం తర్వాత ఆయనే కిందికి దించాడట. పాక్కుంటూ వచ్చేవాడి చేతికి అందాలని. దించమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

రిసీవరు ఎత్తాను. ఆ జతని కొత్త పెట్టెకి అప్పటికే కలిపి వచ్చాం. నిశ్శబ్దం. టోను లేదు. ఎక్స్ఛేంజీ గదికి వెళ్లి తెర మీద చూసి వచ్చాను, పోర్టుకి ఫోను ఎత్తినట్టే తెలియలేదు.

"పొద్దుగాల పాత దాని మీద మంచిగనే ఉండె" అన్నాడు ఆయన, కొంచెం చిన్నబోయి.

ఫోను విప్పాం. తీగలు బిగించిన చోట రాగి నీలం పచ్చగా పూసిపోయి ఉంది. అమ్మోనియా గాలి రాగిని తినేస్తుంది. పాత ఎక్స్ఛేంజీ లైనులోకి గట్టి కరెంటు తోసేది కాబట్టి ఆ పూత మీదుగా కూడా నెట్టుకొచ్చేది. కొత్త పెట్టె ఇచ్చే కరెంటు తక్కువ. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని తీగ కొనలు కత్తిరించి, గీకి, కొత్త జాయింటు వేసి, దాని మీద జెల్ నింపిన తొడుగు బిగించాడు. కళ్లద్దాలు చెమటకి జారుతుంటే నేను వెనక నుంచి పట్టుకున్నాను. ఆ తర్వాత నేను ఎక్స్ఛేంజీ గదికి పరుగెత్తి, ఆ పోర్టుని కరెంటు ఎక్కువ ఇచ్చే దూరపు లైను పద్ధతిలోకి మార్చాను. ఆయన తలుపు బయటికొచ్చి ఫారం వాకీటాకీలో చెప్పాడు: "టోను వచ్చింది బిడ్డా!"

టోను వస్తే పని అయిపోలేదు. ఎత్తగానే టోను ఇవ్వకుండా నేరుగా క్లినిక్ కొత్త ఫోనుకి పోయేలా రెండు వరుసలు రాశాను. ఆయన ఎత్తాడు. క్లినిక్‌లో మోగింది. నేను గెలిచానని అనుకున్నాను.

తిరిగి వచ్చాక ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు గుర్తుంది. "బిడ్డా, ఈడ ఎత్తితే ఆడ మోగుతున్నది గని, మాట ఏ తోవల పోతున్నది?"

"ఇక్కణ్ణుంచి రియాద్ సర్వరుకి పోయి, అక్కణ్ణుంచి మళ్లీ క్లినిక్‌కి వస్తుంది."

"దవాఖాన గా రూము నుంచి మూడు వందల అడుగులు గూడ ఉండది. రియాద్ పోయి రావాల్నా? నడిమిట్ల తెగితే?"

లేచి, రియాద్ వైపు పోయే కేబులు పెట్టెలోంచి పీకాను. నేను క్లినిక్‌లో నిలబడితే, ఆయన మళ్లీ వెళ్లి ఎత్తి చూశాడు. క్లినిక్ ఫోను మోగలేదు. కొత్త ఫోను తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతోంది, అంతే. నాకు సిగ్గేసింది. ఆ ప్రశ్న వేయాల్సింది నేను.

అప్పటికే పొద్దు వాలుతోంది. ఆ రోజుకి ఆపి ఇంటికి వచ్చాను. అన్నం తింటూ నా భర్తకి మొత్తం చెప్పాను. "ఆపేస్తే ఎవరూ అడగరు కదా?" అన్నారాయన. పరీక్షగా అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. "ఎవరూ అడగరు. అందుకే ఆపను" అన్నాను.

శనివారం పొద్దున క్లినిక్‌కి వెళ్లి, మిగిలిన ఖాళీ పోర్టుల్లో ఒకదాని నుంచి అక్కడికి ఒక పాతరకం తీగ లాగించాను. కొత్త ఫోను పక్కనే, నంబరూ పేరూ కనిపించే చిన్న తెర ఉన్న మామూలు ఫోను పెట్టాం. పెట్టెలో ఇలా రాశాను: కంప్రెసర్ గది ఎత్తితే రియాద్‌ని అడగొద్దు, ఈ పక్క పోర్టుకే పంపు. ఇప్పుడు రెండు ఫోన్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి. రియాద్ ఉన్నా లేకపోయినా ఒకటే. కేబులు పీకేసి చూశాం. మోగింది.

కానీ తెర ఖాళీగా ఉంది.

క్లినిక్‌లో ఉన్న నర్సు కేరళ ఆవిడ. చురుకైన మనిషి. మొదటి గంట సగంలోనే ఎత్తేసింది. "ఎవరో తెలియలేదు" అంది హిందీలో. గదికి నంబరూ పేరూ ఇచ్చాను, మరి ఎందుకు రాలేదు? రెండోసారి కూడా అంతే. మూడోసారి ఆవిడ సిరంజి చేతిలో ఉండి ఎత్తడం ఆలస్యమైంది. రెండో గంటకి తెర మీద పేరు వెలిగింది.

అప్పుడు తెలిసింది. పెట్టె ఆ పేరుని మొదటి గంటకీ రెండో గంటకీ మధ్య ఖాళీలో పంపుతోంది. ఆ లోపే ఎత్తేస్తే పేరు రాదు.

"రెండో గంట మోగేదాకా ఆగి ఎత్తగలరా?" అని ఆవిడని అడిగాను.

"మాది మొదటి గంటకే ఎత్తే అలవాటమ్మా. ఎమర్జెన్సీలో చెయ్యి ఆగదు," అంది ఆవిడ.

అప్పుడే అక్కడికి వచ్చిన పెద్దాయన తలూపాడు. "మనుషుల చేతులకు ఏం జెప్తవ్ బిడ్డా? పెట్టెకు చెప్పు."

పెట్టెకి చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. క్లినిక్ బెంచీ మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఆ పెట్టె మాన్యువల్లో పేరు పంపే అధ్యాయం మొదటి నుంచి చదివాను. పక్కన ఒక పాకిస్తానీ కార్మికుడు వేలికి కట్టు కట్టించుకుంటూ నన్ను వింతగా చూశాడు. రెండు గంటలకి దొరికింది. పొడుగు గంటకి ముందు చిన్న గంట ఒకటి కొట్టి, వెంటనే పేరు పంపి, ఆ తర్వాత అసలు గంట కొట్టే పద్ధతి ఉంది. ఒక్క వరుస. రాశాను. పరీక్షించాం. తెర ఖాళీ. తప్పు రాశానేమోనని తుడిచి మళ్లీ రాశాను. ఖాళీ. నర్సు ఒక గ్లాసు నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఆఫీసులో ఉన్నప్పుడు నేనే ఇతరులకి ఎన్నోసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని మార్పులు పోర్టుని ఒకసారి ఆపి మళ్లీ లేపితే గానీ అమలు కావు. ఆపాను, లేపాను. వాకీటాకీలో "ఎత్తండి బాబాయ్ గారూ" అన్నాను. చిన్నగా ఒక గంట ముక్క మోగింది. అసలు గంట మొదలయ్యాకే నర్సు చెయ్యి ఫోను మీద పడింది. అప్పటికే తెర మీద కంప్రెసర్ గది అని ఇంగ్లీషు అక్షరాల్లో వెలుగుతోంది.

ఆవిడ రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని నా వైపు చూసి తలూపింది. అవతల నుంచి మాట లేదు. పెద్దాయన కావాలనే మాట్లాడలేదు. యంత్రాల హోరు మాత్రం ఆ రిసీవరులోంచి నాకూ వినిపించింది.

మార్పులన్నీ పెట్టె జ్ఞాపకంలో భద్రపరిచాను. భద్రపరిచానన్న నమ్మకం చాలక, పెట్టె కరెంటు పూర్తిగా తీసేసి మళ్లీ పెట్టాను. అది నిద్ర లేచేదాకా ఇద్దరం దాని దీపాలనే చూస్తూ నిలబడ్డాం. లేచాక మళ్లీ ఎత్తి చూశాం. పేరు వచ్చింది.

ఆదివారం పొద్దున సంతకాలకి ఫారం సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. సౌదీ యువకుడు, మితభాషి. నా కాగితం చూసి వేలు పెట్టి ఆపాడు. "లిస్ట్‌లో అరవై ఎనిమిది. ఇక్కడ డెబ్భై. ఎందుకు?"

చెప్పాను. ఆయనకి ఆ ప్రమాదం తెలియదు, ఆయన అప్పటికి ఉద్యోగంలో చేరలేదు. అంతా విని, "చూపించండి" అన్నాడు. కంప్రెసర్ గది తలుపు దగ్గరికి వెళ్లాం. మాస్కు పెట్టుకున్నాడు. పెద్దాయన ముందుకు రాబోతే ఆపి, తానే మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఆయన తెల్లటి పొడుగు అంగీ, ఆ థోబు, నేల దుమ్ముకి అంటుతోంది. గోడ మీద చేత్తో తడుముకుంటూ ముందుకు జరిగాడు. మొదట పైపు తగిలింది, తర్వాత స్విచ్చు, ఆ తర్వాత ఫోను తీగ. లాగాడు. రిసీవరు వేలాడింది. అలాగే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు.

ఈ పరీక్ష గురించి నర్సుకి మేం చెప్పలేదు. నాలుగు నిమిషాల్లోపే క్లినిక్ వాళ్లు ఇద్దరు మాస్కులతో, స్ట్రెచరుతో పరుగెత్తుకుంటూ వచ్చారు. నేలమీద కూర్చున్న తమ ఆఫీసరుని చూసి నర్సు మొహం పాలిపోయింది. ఆయన కళ్లు తెరిచి, లేచి, ఆవిడకి క్షమాపణ చెప్పాడు. నా కాగితం తీసుకుని డెబ్భై అన్న అంకె పక్కన సంతకం చేశాడు. పెద్దాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "షుక్రన్ యా అమ్మీ" అన్నాడు, అరబ్బీలో కృతజ్ఞతలు బాబాయ్ అని. పెద్దాయన నేల చూశాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన్ని ఆఫీసు వైపు వాళ్లు అలా పలకరించడం అదే మొదటిసారని తర్వాత నాతో అన్నాడు.

మధ్యాహ్నం పాత ఎక్స్ఛేంజీ ఆపేశాం. దాని పంకాల చప్పుడు ఆగిపోయాక గది బోసిగా అయింది. పెద్దాయన దాని తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. మేనేజరు ఫోన్ చేసి, సంతకాలు అందాయన్నాడు. అదనపు లైన్ల మాట ఎత్తలేదు. నేనే ఎత్తి, రిపోర్టులో మొత్తం రాశానని చెప్పాను. "చదివాను మేడం. బాగుంది" అన్నాడు. అంతకన్నా ఎక్కువ అనడం ఆయనకి రాదు.

ఆ తర్వాత రెండు నెలలకి పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. గొంతు నిండా నవ్వే. "బిడ్డా, నిన్న ఫోను మోగింది!"

"ఎవరికి ఏమైంది?"

"ఎవ్వలకేం కాలె. క్లీనింగాయన మాపు కర్ర ఊపిండు, అది పోయి రిసీవరుకు తాకింది, రిసీవరు కింద వడ్డది. ఆయన సూడలె. నేల తుడుసుకుంట ఉన్నడు. ఎనుకకెంచి మాస్కులేస్కొని ఐదుగురు ఉరికొచ్చి ఆయన్ను ఎత్తుకొని బయటికి ఉరికిండ్రు. పాపం, లబోదిబోమన్నడు! సూపర్వైజరు తిట్టబోయిండు. నేనన్న, తిట్టకు, నెలనెల మేం జేసే టెస్టు ఈసారి ఆయన జేసిండు, మంచిగ జేసిండు అని."

నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఆ రోజే ఆఫీసులో మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, జుబైల్‌లో ఒక ప్లాంటు పని ఉందని, నూట ఇరవై లైన్లని చెప్పాడు. సర్వేకి ఒక రోజు సరిపోతుందా అని అడిగాడు.

"మూడు రోజులు కావాలి సర్. రెండు రోజులు జాబితాకి, ఒకరోజు అక్కడి తీగలు చూసే మనిషితో కూర్చోవడానికి" అన్నాను.

ఆయన క్యాలెండరులో మూడు గళ్లు నింపాడు.